అదే ఆకు, మళ్ళీ నీళ్ళు

చిక్కడపల్లి

రాగిణికి,

చాయ్ పక్కన పెట్టుకుని మీ వదిన రాస్తున్నది.

నువ్వు చైనా నుంచి తెచ్చిచ్చిన సెగ మీద వేయించిన ఊలాంగ్ చాయ్‌పత్తిని మన అలవాటు కొద్దీ పాలు, చక్కెర వేసి మరిగించాను. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలకు మెస్ పెడతానని నేనన్నప్పటి నుంచి నాతో మాట్లాడని మీ అన్న, ఒక గుక్క తాగి "పాలు మాడబెట్టినవా?" అన్నారు.

మర్నాడు ఉత్త వేడినీళ్ళే పోశాను. వేయించిన శనగల వాసన! అదే ఆకు మీద మళ్ళీ పోస్తే తియ్యదనం తేలింది. ఆయన కప్పు చాపి, "ఇంకోసారి పొయ్, ఎట్లుంటదో జర చూద్దాం" అన్నారు. ముడుచుకున్న ఆకులు విప్పుకుంటుంటే ఇద్దరం వంగి చూశాం.

ఇప్పుడు రోజూ మాట్లాడుతున్నారు, చాయ్ గురించే. నాలుగు కప్పులకే ఆకు సారం అయిపోయి రంగు తేలిపోతోంది, మాటలూ అక్కడితో ఆగిపోతున్నాయి. ఇంకొంచెం లాగే ఉపాయముంటే రాయి. మెస్ మాట ఎత్తడానికి నాకింకొక్క కప్పు కావాలి.

మీ వదిన