నన్ను ఓడించే ఉపన్యాసం

శక్తినగర్

ప్రియమైన పెద్దనాన్నకు,

అర్పిత నమస్కారాలు. గొంతు ఆపరేషన్ బాగా జరిగిందని వాసు అన్నయ్య చెప్పాడు. ఇంకొన్నాళ్లు మాట్లాడకూడదట కదా. ఫోనులో మీ గొంతు వినపడని ఆదివారాలు బోసిగా ఉన్నాయి. అందుకే ఉత్తరం.

మొహమాటం లేకుండా అడుగుతున్నాను. ఇక్కడి సంఘం సత్రం మేడమీది ఆడపిల్లల హాస్టల్ మూసేసి ఫంక్షన్ హాలు చేద్దామని వర్తక సంఘంలో తీర్మానం పెట్టింది మీరే. దాన్ని వద్దని సభలో మాట్లాడాల్సింది హాస్టల్ చూసుకునే నేను. కవితాళ అనే పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న నేత్ర నా కొంగు పట్టుకుని, "హాస్టల్ బందైతే మా నాయిన సదువు ఇడిపిచ్చి ఇంటికి తోల్కపోతడక్కా. జెర గట్టిగ చెప్పు" అంది. నాకేమో మైకంటేనే భయం.

రాయచూరు బజారులో మీలా మాట్లాడేవారు ఇంకొకరు లేరు. మీ తీర్మానాన్ని కాదని ఎలా మాట్లాడాలో మీరే నేర్పండి. అడగడం తప్పయితే ఈ ఉత్తరం చించేయండి.

మీ
అర్పిత

రాయచూరు

చిరంజీవి అర్పితకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి నవ్వితే గొంతు నొప్పి పుట్టింది, ఆ పాపం నీదే. మీ పెద్దమ్మ సౌభాగ్యలక్ష్మి "మిమ్మల్ని ఓడగొట్టెతందుకు మిమ్మల్నే అడుగుతదా! ఎంత ధైర్యమే దీనికి!" అంది. ఉపన్యాసానికి కావలసింది ధైర్యమే అని పలక మీద రాసి చూపించాను.

విను. "చిన్నదాన్ని, తప్పులుంటే మన్నించండి" అని మొదలుపెట్టకు. అలా అంటే జనం తప్పులే వెతుకుతారు. కాగితం చూసి చదవకు. మన కొట్లో చీర చూపిస్తూ దాని గుణం కాగితంలో చూసి చెబుతామా? స్త్రీవిద్య గొప్పతనం జోలికి పోకు, అది వినీ వినీ అందరికీ నిద్రొస్తుంది. ఒక్క పిల్ల గురించి చెప్పు. నోరు విప్పేముందు కాసేపు ఊరికే నిలబడు, గుసగుసలు వాటంతటవే ఆగుతాయి. భోజనాల వాసన రాకముందే ముగించు.

ఇక అసలుది. ఫంక్షన్ హాలు వస్తే షామియానాలు, కుర్చీలు మా వాసు దుకాణం నుంచే అద్దెకు పోతాయి. అందరికీ తెలుసు, నా ముఖం చూసి ఎవరూ అనరు. చివర్లో నువ్వు అను. సభ నీదవుతుంది. నేర్పమన్నాక దాచుకోవడం నాకు చేతకాదు.

నీ పెద్దనాన్న,
జయరామయ్య

శక్తినగర్

పెద్దనాన్నా,

మీరు భోజనం కూడా చేయకుండా సభ నుంచి లేచి వెళ్లిపోయారు. తీర్మానం పెట్టిన మనిషే లేడని ఓటింగు వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు.

మీరు చెప్పినట్టే మైకు ముందు ఊరికే నిలబడ్డాను. అధ్యక్షులు శివరామకృష్ణయ్యగారు "ఏంది తల్లీ, మాట రాదా? జల్ది కానీ" అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఆగాను. తర్వాత నేత్ర గురించే చెప్పాను. మంచం కింద అప్పుడే సంచి సర్దిపెట్టుకుంది, ఎందుకే అంటే, "ఎల్లగొట్టేదాక ఉండుడెందుకక్కా, మర్యాదగ నేనే పోత" అంది. అది చెప్పి వచ్చి కూర్చున్నాను.

కూర్చునే ముందు వాసు అన్నయ్య దుకాణం మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా మీరు గొంతుకు మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నారు. జవాబు చెప్పలేని మనిషిని నలుగురిలో అనడానికి మనసొప్పలేదు. మీ పాఠం పాడుచేశానని కోపమా?

అర్పిత

రాయచూరు

నా బంగారు అర్పితకు,

కోపమా, పిచ్చిదానా! సిగ్గుతో లేచి వచ్చేశాను.

పాఠమంతా నిజమే గానీ ఆ చివరిది వల. నువ్వు వాసు పేరెత్తగానే వాడు లేచి, "ఏడాదంతా షామియానాలు ఉచితం" అని ప్రకటించాలని ముందే అనుకున్నాం. చప్పట్లు మోగేవి, నీ నోరు మూతపడేది. పాపం, వాసు చొక్కా సర్దుకుంటూ నీ నోటివంకే చూస్తూ కూర్చున్నాడు.

ఎన్నో సభలు గెలిచాను తల్లీ. ఎదుటివాడు జవాబు చెప్పలేడని నోటిదాకా వచ్చిన మాటను ఒక్కసారైనా మింగింది లేదు. నువ్వు మింగావు. నాకంటే మంచి వక్తవి నువ్వు, ఇది ప్రేమకొద్దీ అంటున్న మాట కాదు.

ఇకమీదట రోజుకు రెండు మాటలు మాట్లాడవచ్చని డాక్టరు నిన్ననే చెప్పాడు. మీ పెద్దమ్మ తన పేరు పిలవమని బతిమాలుతోంది. ఆదివారం దాటేదాకా ఆగమని పలక మీద రాశాను. ఆ రోజు సభలో లేచి, నా మొదటి రెండు మాటలూ "తీర్మానం వాపసు" అనడానికే వాడుకుంటాను.

నీ చేతిలో సంతోషంగా ఓడిపోయిన
పెద్దనాన్న