కాకి ముట్టని విస్తరి

ఆదివారం, రాత్రి

ఈరోజు నా శ్రీనుకి పెద్దకర్మ. దొడ్డిగోడ మీద విస్తరి వేసి, వాడికిష్టమైన కోడికూర, గారెలు పెట్టాను. కాకి ముడితే నా కొడుకు తిన్నట్టే. ఒక కాకి వాలబోతుండగా నెత్తిమీదికి జుయ్యిమంటూ డ్రోన్ వచ్చింది. పరామర్శకు పార్టీ నాయకుడొస్తున్నాడని ఆయన మనుషులు వీడియో తీస్తున్నారు. కాకులన్నీ లేచిపోయాయి.

వీధిలోకి పరుగెత్తాను.

"ఒరేయ్, దించండ్రా దాన్ని! నా బిడ్డ కూడు కాకులు ముట్టట్లా!"

"ఒక్క నిమిషం పిన్నీ, పైనుంచి జనం చానా బాగా పడతన్నారు" అన్నాడు దాన్ని ఎగరేసేవాడు.

"మా దొడ్డి మీద నీకేం పనిరా? మీ అమ్మ ఏడుస్తున్నా ఇట్టాగే తీస్తావా?"

"ఊరుకో అక్కా, పెద్దమనిషి వచ్చే వేళ ఏంది ఈ గోల?" అని తోడికోడలు నన్నే లోపలికి లాక్కొచ్చింది.

శ్రీను చేత జెండా మోయించుకున్న ఆ పెద్దమనిషి, వాడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు తొంగిచూడలేదు. ఇవాళ ఫొటోకి దండేసి వెళ్లాడు. కాకులు మాత్రం తిరిగి రాలేదు.

వాడికేదో కోరిక మిగిలిపోయిందని చుట్టాలు మొదలుపెట్టారు. మా ఆయన విస్తరి ముందు చేతులు జోడించి, "నీ చెల్లెల్ని చదివిస్తాంరా, ముట్టు నాన్నా" అని బతిమాలాడు. డ్రోన్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పొద్దుగూకాక విస్తరి కాలవలో వదిలేశారు.

రేపు మళ్లీ వండి పెడతానంటే, "రెండోసారి పెట్టగూడదే" అంటాడు ఈయన. అందరూ తిని పడుకున్నారు. నాకు ముద్ద దిగలేదు. వాడు తినకుండా పోయాడు కదా... ఎవరేమన్నా సరే, తెల్లారగానే పొయ్యి వెలిగిస్తాను.