గురువారానికి తీరిక

అక్కా,

కుట్టు కొట్లో ఒక్కో పనీ ఒక్కొక్కరికి ఎందుకు అప్పగించేస్తున్నావని ఫోనులో అడిగావు. అప్పుడు పక్కనే అత్తగారున్నారు, అందుకే రాస్తున్నాను.

కత్తిరింపు మా ఆడపడుచుకి నేర్పాను. కొలతలు తీయడం అత్తగారికి ఇచ్చాను. టేపు మెడలో వేసుకుని ఎంత దర్జాగా తిరుగుతున్నారో! వంట మీ మరిదిది. నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేసి, "మొన్న మర్చిపోయాను కదా, దానికీ దీనికీ చెల్లు" అన్నారు. "ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది, కాస్త కూర్చో" అని ఇంటిల్లిపాదీ మురిసిపోతున్నారు.

కూర్చుంటే చెయ్యి ఊరికే చంకలోని గడ్డ మీదకి పోతోందక్కా. గురువారం ఆపరేషన్. తర్వాత ఎప్పటికి లేచి తిరుగుతానో డాక్టరు తేల్చి చెప్పడం లేదు.

ఇంట్లో ఎవరికీ తెలీదు. మీ మరిది సినిమా టికెట్లు కూడా తెచ్చారు. "ఇప్పుడు నీకు తీరికే కదా, గురువారం మనిద్దరమే వెళ్దాం" అన్నారు. నేను తలూపాను.

పనులన్నీ పంచేశాను. ఆయనకి చెప్పడం ఒక్కటే మిగిలింది. అది నా వల్ల కావడం లేదు, నువ్వు చెప్పవూ? బుధవారం భోజనాల వేళకి వచ్చెయ్. కూరలో ఉప్పెక్కువైనా ఆ పూట ఆయన్ని ఏమీ అనకు.

నీ చెల్లి