లేచిన సర్వర్‌లో లేని ఫోటోలు

మంగళవారం, ఖానాపూర్

రహీం భాయ్ ఫోటో స్టూడియోలో ఫోటోలు దాచే సర్వర్ ఆగిపోతే బాగుచెయ్యడానికి వెళ్లాను, సాయంత్రానికి లేచింది. లేవకపోయినా బాగుండేదేమో.

అందులో రెండు డిస్కులు. ఒకదాంట్లో పడిందే రెండోదాంట్లోనూ పడుతుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని భాయ్ ధీమా. నిన్న మొదటిది పోయింది. రెండోదాంట్లో సిస్టం మొదలవడానికి కావలసిన బూట్ ఫైళ్లే లేవు. పెన్‌డ్రైవ్‌తో తెరిచి అవి ఎక్కించాను. తెర వెలగగానే భాయ్ నా వీపు తట్టాడు.

బెంచీ మీద నుంచి సుజాతక్క లేచి వచ్చింది. ఆమె భర్త పోయిన నెల దుబాయ్‌లో చనిపోయాడు. వేసవిలో బిడ్డకు ఓణీ వేసే శారీ ఫంక్షన్‌కు వచ్చి ఆయన దిగిన ఫోటోల కోసం పొద్దుటి నుంచి కూర్చుంది.

వెతికాను. ఫోటోలన్నీ పోయిన చలికాలం దగ్గరే ఆగిపోయాయి. రెండో డిస్కు అప్పట్లోనే జత నుంచి విడిపోయింది, ఎవరూ చూసుకోలేదు; ఆ తర్వాతివన్నీ మొదటిదాంట్లోనే పడ్డాయి.

"అంతా వచ్చింది గదా, మల్ల అక్క ఫోటోలేవి?" అన్నాడు భాయ్. సంగతి చెప్పాను. కుర్చీలో కూలబడ్డాడు. కెమెరా కార్డులు ఎప్పుడో చెరిపేశాడట.

"జర మల్లోసారి చూడు తమ్మీ," అంది అక్క. "గా ఫోటోలల్ల ఆయన నవ్విండు. గట్ల ఎన్నడు నవ్వలే."

లేవని తెలిసీ మళ్లీ చూశాను. పాడైన డిస్కును హైదరాబాద్ పంపుదాం, అక్కడ లోపలివి బయటికి తీసేవాళ్లుంటారన్నాను. పోయేముందు అది టకటక కొట్టుకుందని భాయ్ చెప్పాడు. అలా కొట్టుకున్న డిస్కులోంచి ఫోటోలు తిరిగి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట మాత్రం అనలేకపోయాను.

నా మొహం చూసి ఏమనుకుందో, మెట్లు దిగుతూ అక్కే అంది: "నువ్వు పరేషాన్ గాకు తమ్మీ, వస్తయిలే."