ఎడమ చివరి మేకు

ప్రియమైన యోరున్ అక్కా,

మొన్న నువ్వు ఫోన్ చేస్తే "ఊ", "ఆ" తప్ప ఏం మాట్లాడలేదని అమ్మ తిట్టింది. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసుగా. గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు ఉంటుంది. వేలితో కొట్టమంటే మాత్రం ఎంతైనా కొడతా. తప్పులుంటే ఏమనుకోకు, బడి మానేసినోడి రాత ఇలాగే ఉంటుంది.

కాడ్ చేపలు వచ్చేశాయి. ఊరంతా కాలేయం నూనె వాసన. నేను షెడ్డులో మళ్ళీ నాలుకలే కోస్తున్నా. చేప తలకాయ తీసి మేకుకి గుచ్చడం, నాలుక కొయ్యడం, తలకాయ లాగి పారేయడం, పొద్దున్నించీ అదే పని. నా పక్కన నిలబడేవాళ్ళంతా చిన్నపిల్లలు. నాకు పదిహేడొచ్చాయి. నిన్న ఒక బుడ్డోడు అడిగాడు, "అన్నా, నిన్నింకా పడవ ఎక్కించుకోలేదా?" అని. నవ్వా. ఇంకో తలకాయ గుచ్చా.

నాన్న తన పడవలో ఎక్కించుకుంటాడట, ఈస్టర్ అయ్యాక. ముసలి అంటోన్ దిగిపోతాడు, ఆయన చోటు నాది. షెడ్డులో అందరి ముందూ నా భుజమ్మీద చెయ్యేసి చెప్పాడు. నాన్న అలా చెయ్యేయడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాలే.

ఇంకో సంగతి, అమ్మకి చెప్పొద్దు. నాకో ఫ్రెండ్ దొరికాడు. నేను ఫోన్లో ఆడే దీవుల ఆట ఉంది కదా, ఎవడి దీవి వాడు కట్టుకుని పక్కోడిని పిలుచుకునేది, అందులో. అక్కడ అసలు పేరు, మొహం అడక్కూడదు, అది మర్యాద. ఎవరు ఎంత చెప్పుకుంటే అంతే. వీడి పేరు తార్యే అన్నాడు. రోరోస్ దగ్గర కొండల్లో ఉంటాడట, సముద్రం మొహమే చూడలేదట. నా వయసే. వాళ్ళ కుక్క లూర్వ చచ్చిపోయిందని చెప్పుకుని బాధపడ్డాడు. నాకూ కళ్ళు తడయ్యాయి అక్కా. నా దీవి మీద దానికో సమాధి కట్టా. ఆటలో రాళ్ళు ఊరికే దొరకవు, ఒడ్డంతా తవ్వాలి. తవ్వా.

ఇద్దరం కలిసి చేపల షెడ్డు కూడా కడుతున్నాం. నేను పనిలో ఉండగా వాడే నాలుకల బల్ల చేసి పెట్టాడు. ఎడమ చివర మేకు కొట్టి, కింద నిలబడ్డానికి ఒక పెట్టె బోర్లించాడు. నేనేం చెప్పలేదు. కొండల్లో ఉండేవాడికి ఇవన్నీ ఎలా తెలుసో. భలే తెలివైనోడు.

నీ తమ్ముడు,
సీవర్ట్


ప్రియమైన మూగమొద్దుకి,

నీ నోటికి తాళమేసి వేళ్ళకి తీశాడు దేవుడు. నా హాస్టల్ గదిలో కూర్చుని నీ ఉత్తరం ఫోన్లో చదువుతుంటే కాలేయం వాసన ట్రొండ్‌హైమ్ దాకా కొట్టింది. నర్సు చదువు మూడో ఏడాది అమ్మాయిని, రోజూ ఎన్ని వాసనలు చూస్తానో, ఆ ఒక్కటి మాత్రం ఇంకా ఆకలి పుట్టిస్తుంది. నేనొచ్చేసరికి నాకో సంచీడు నాలుకలు దాచిపెట్టు, పిండిలో దొర్లించి వెన్నలో వేయించుకుంటా.

ఫ్రెండ్ దొరికాడంటే సంతోషంరా. జాగ్రత్తగా ఉండు, అంతే. ఆ ఆటల్లో ఎవడు ఎవడో ఎవడికి తెలుసు. ఊరి పేరు, నాన్న పేరు, పడవ పేరు చెప్పకు. మేకూ బల్లా అంటావా, ఏదో వీడియోలో చూసుంటాడులే. ఇప్పుడు వీడియోలో లేనిదేముంది.

పడవ గురించి "ఇంకెప్పుడైనా" అని వదిలేశావు. ఏంట్రా అది? అమ్మ రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "వాడు తలుపేసుకుంటాడు, తిండి ముందు కూర్చుని గిన్నె వంక చూస్తాడు" అని ఒకటే గొడవ. మనసులో ఏదన్నా ఉంటే నాకు చెప్పు. నాకు చెప్పలేకపోతే ఆ తార్యేకైనా చెప్పు. లోపల పెట్టుకోకు.

నీ అక్క,
యోరున్


ప్రియమైన అక్కా,

ఇది నీకు రాద్దామా వద్దా అని చాలా ఆలోచించా. ఇంకెవరున్నారు చెప్పు.

ఇవాళ షెడ్డుకి వెళ్ళేసరికి నా బల్ల దగ్గర పిల్లలంతా మూగి ఉన్నారు. నా మేకుకి ఎవడో గాలి ఊదే పట్టీలు తగిలించాడు, ఈత రాని చంటిపిల్లల చేతులకి కడతారే, నారింజరంగువి, అవి. కోల్బైన్ తలలు నరికే మిషన్ దగ్గర నిలబడి, "నీకేరా సీవర్ట్, ఈస్టర్‌కి కొత్తబట్టలు. కట్టుకుని ఎక్కు పడవ, నాన్న చెయ్యి కూడా పట్టుకో" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ బుడ్డోడు కూడా. వాడికి ఎందుకు నవ్వుతున్నారో కూడా తెలీదు.

నాన్న అప్పుడే పడవ కట్టి లోపలికొస్తున్నాడు. చూశాడు. పక్కనుంచి వెళ్ళిపోయాడు. భోజనాల దగ్గర బంగాళాదుంప ఒలుస్తూ, నా వంక చూడకుండా, "అంటోన్‌ని ఇంకో ఏడాది ఉండమన్నా" అన్నాడు. అమ్మ గబగబా లేచి చేపల గిన్నె తెచ్చింది. అంతే. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు.

అక్కా, కోల్బైన్ అన్నది నిజమే. నాకు సముద్రమంటే భయం. మొన్న శీతాకాలం మొదట్లో నాన్నతో వెళ్ళినప్పటి నుంచి. ఈస్టర్ లోపు నాన్నకి నేనే చెబుదామనుకున్నా. ఎలా చెప్పాలో కూడా అనుకున్నా, వాక్యాలు పేర్చుకుని. నోరు పెగలడానికి నాకు టైం పడుతుంది, అంతే కదా. ఆ టైం నాకు లేకుండా చేశారెవరో.

ఇది నేను ఒక్క తార్యేకే చెప్పా. వాడు కొండల్లో ఉంటాడు, మన ఊరి పేరే వాడికి తెలీదు. మరి కోల్బైన్ నోట్లోకి ఎలా వచ్చింది? నిద్రలో మాట్లాడుతున్నానా? ఇందాక వాడికి జరిగింది చెప్తే, "సారీ" అన్నాడు. నువ్వెందుకురా సారీ అంటే ఆట మూసేసి వెళ్ళిపోయాడు.

చేప పేగుల్లో మోచేతుల దాకా చేతులు పెడతా, నాకెప్పుడూ రోత పుట్టలేదు. ఇవాళ ఆ రబ్బరు పట్టీలు ముట్టుకుంటే పుట్టింది.

నీ
సీవర్ట్


ప్రియమైన తమ్ముడూ,

ఆ కోల్బైన్‌ని సెలవులకొచ్చినప్పుడు నేను చూసుకుంటా. వాడు చిన్నప్పుడు రేవులో పడితే నాన్నే కొక్కెం వేసి లాగాడు, అది మర్చిపోయాడు వెధవ.

నువ్వేం సిగ్గుపడక్కర్లేదు. సముద్రమంటే భయం లేనివాడు పిచ్చోడు. పెద్ద అల వస్తే పడవలో పడక కిందకి దూరి ఆ ఇనుపకడ్డీ పట్టుకుని అంకెలు లెక్కపెట్టుకున్నంత మాత్రాన మగాడు కాకుండా పోతాడా? నాన్న కూడా కుర్రతనంలో ఏం చేసుంటాడో ఎవడు చూశాడు. కొన్నాళ్ళు పోతే ఊళ్ళో ఇంకేదో దొరుకుతుంది నవ్వుకోడానికి. వేళకి తిను. అమ్మ మీద కోపం పెట్టుకోకు, తను నీ మంచికే తపన పడుతుంది.

తార్యే సంగతి వదిలెయ్. చిన్నపిల్లాడేమో, భయపడుంటాడు.

ప్రేమతో
యోరున్


అక్కా,

ఇనుపకడ్డీ అని నీకు నేను రాయలేదు. అంకెలు లెక్కపెట్టుకున్నానని కూడా రాయలేదు. నా ఉత్తరం తీసి మళ్ళీ చదువుకున్నా, అందులో ఎక్కడా లేదు.

ఇప్పుడే కింద గదికి వెళ్ళొచ్చా. మన పాత నాలుకల బల్ల అక్కడే ఉంది. షెడ్డులో ఎవరి బల్లకైనా మేకు కుడి చివరే ఉంటుంది. ఈ ఒక్క బల్లకే ఎడమ చివర. నీది ఎడమచేతి వాటమని నాన్న నీకోసం అలా కొట్టాడు. చిన్నప్పుడు నీకు ఎత్తు చాలక పెట్టె బోర్లించుకునేదానివి. ఆ పెట్టె కూడా అక్కడే ఉంది. తార్యే ఆటలో చేసింది ఇదే బల్ల.

చెప్పు.


ప్రియమైన సీవర్ట్,

అవును. నేనే.

ముందు విను, తర్వాత తిట్టు. శీతాకాలంలో నువ్వు గది తలుపు తీయడం మానేశావు. అమ్మ ఫోన్లో ఏడ్చేది. "వాడు నీ ఒక్కదాని మాటే వింటాడు, ఏదోకటి చెయ్యి" అంది. నేను మొదట నా పేరుతోనే ఆ ఆటలోకి రాబోయా. వచ్చుంటే నువ్వు మర్యాదకి రెండు మాటలు రాసి వెళ్ళిపోయేవాడివి, నీకు తెలీదా? అందుకని వేరే పేరు పెట్టుకున్నా. వారంలో మానేద్దామనుకున్నా. కానీ నువ్వు రాసేవాడివిరా. పేజీలు పేజీలు. అక్కకి రాయనివన్నీ. నీ కబుర్ల కోసం నేను క్లాసు ఎగ్గొట్టిన రోజులున్నాయి. తార్యేని చంపేస్తే నువ్వు మళ్ళీ మూగవాడివైపోతావని భయమేసింది.

నీ భయం సంగతి అమ్మకి చెప్పింది నేనే. నాన్న నిన్ను పడవెక్కించకుండా ఆపాలని. నాన్నకి తప్ప ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. అమ్మ బోర్గిల్ కొట్టుకెళ్ళి ఆవిడ ముందు ఏడ్చేసిందట, ఆవిడ చేతా ఒట్టేయించుకునే. బోర్గిల్ అల్లుడు కోల్బైన్ అని నీకు తెలుసు. ఇందులో చెడ్డ బుద్ధితో చేసినవాళ్ళు కోల్బైన్ తప్ప ఎవరూ లేరు, అది మాత్రం నమ్ము.

కుక్క లేదు. ఆరోజు నువ్వేం మాట్లాడకపోతే, నేను బాధ చెప్పుకుంటే నువ్వూ చెప్పుకుంటావని అలా అన్నా. నువ్వు సమాధి కట్టిన రోజు నేను నిజంగా ఏడ్చా.

నన్ను క్షమించకపోయినా జవాబు రాయి.

నీ అక్కే,
యోరున్


ప్రియమైన అక్కా,

"ప్రియమైన" అని కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టా. అలవాటు కొద్దీ ఉంచేశా, ఎక్కువ అర్థం తీసుకోకు.

నువ్వు ఏడ్చానని రాశావు. లేని కుక్క కోసం నేను ఒడ్డంతా తవ్వుతుంటే చూస్తూ ఏడ్చావు. ఆపు అని ఒక్క మాట రాయలేకపోయావు. "ఆ ఆటల్లో ఎవడు ఎవడో ఎవడికి తెలుసు" అని నాకు బుద్ధి చెప్పిందీ నువ్వే. "తార్యేకైనా చెప్పు" అన్నదీ నువ్వే. ఒక చేత్తో తలుపు కొట్టి, ఇంకో చేత్తో కిటికీలోంచి దూరావు. నాకు రోతగా ఉంది. కోపం కాదు. కోపమైతే అరిచేవాడిని, నాకు అది కూడా రాదుగా. రోత. ఫోన్ చేత్తో పట్టుకుంటే కుళ్ళిన చేప జేబులో ఉన్నట్టుంది. నేను వాడికి రాసిన ప్రతి మాటా మళ్ళీ గుర్తుచేసుకుంటున్నా, ఇది అక్క చదివింది, ఇది అమ్మకి చెప్పుంటుంది, ఇది బోర్గిల్ చిల్లర ఇస్తూ వినుంటుంది అని.

నా మంచికే అంటావు. నా మంచి మీ ముగ్గురి నోళ్ళలో తిరిగొచ్చి నా మేకుకి వేలాడింది.

నిన్న ఏం చేశానో చెప్తా, ఎవరో చెప్పేలోపు.

నాన్న పడవ కడుతుంటే ఆ నారింజరంగు పట్టీలు తీసుకుని రేవు చివరిదాకా వెళ్ళా. అంటోన్ ఉన్నాడు, కోల్బైన్ క్రేను దగ్గరున్నాడు. నాన్న తాడు చుడుతూ, "ఏంట్రా?" అన్నాడు.

"నాకు సముద్రమంటే భయం నాన్నా" అన్నా. మూడుసార్లు ఆగింది గొంతు. చెప్పేశా.

"అమ్మ చెప్పింది" అన్నాడు.

"అమ్మ చెప్పాల్సిన మాట కాదది. నాది. అంటోన్‌ని ఉండమనే ముందు నన్ను అడగాల్సింది. ఇప్పుడు చెప్తున్నా, విను."

నాన్న తాడు కింద పెట్టాడు. నా వంకే చూశాడు, భోజనాల దగ్గర చూడనంత సేపు. "సరే" అన్నాడు. "ఇప్పుడు విన్నా. మరేం చేద్దామనుకుంటున్నావ్?"

"తెలీదు. ఒడ్డున పని చూసుకుంటా. వేసవిలో, నీళ్ళు నిమ్మళంగా ఉన్నప్పుడు, ఒకసారి వస్తా. నేను వస్తానంటేనే."

"నువ్వంటేనే" అన్నాడు.

కోల్బైన్ పైనుంచి, "ఏం సీవర్ట్, ఇవాళ నోరొచ్చిందే" అన్నాడు. పట్టీలు వాడి పనిముట్ల పెట్టె మీద పెట్టి, "ఇవి మీ పిల్లాడివి, వాడికి కావాలి. నా బల్ల మీద ఏదన్నా పెట్టాలనుకుంటే నన్నడుగు" అన్నా. అంటోన్ ఒక్కడే నవ్వాడు. ఈసారి కోల్బైన్ వంక చూసి.

ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పా, "నా సంగతులు ఇక నీకు నేను చెప్పినవే తెలుస్తాయి, చెప్పనివి తెలియవు, తలుపు కొట్టి రా" అని. ఏడ్చింది. ఏడవనిచ్చా.

తర్వాత ఆటలోకి వెళ్ళా. తార్యే దీవి ఖాళీగా ఉంది. మనం కట్టిన షెడ్డు విప్పేశా. ఎడమ చివర మేకున్న ఆ బల్ల కూడా. వంతెన విరగ్గొట్టా, ఇక నా దీవికి ఎవరూ రాలేరు. తార్యే పేరు తీసేశా. వాడు పోయాడని నాకు బాధగా ఉంది అక్కా, అదే అన్నిటికన్నా రోత, లేనివాడు పోయాడని బాధ. నాకున్న ఒక్క ఫ్రెండ్ వాడే.

నీకు రాయాలనిపిస్తే నీ పేరుతో రాయి. నాకు జవాబివ్వాలనిపించినప్పుడు ఇస్తా. అప్పటిదాకా ఎలా ఉన్నానని అమ్మనడక్కు, ఎవరి చేతా అడిగించకు.

లూర్వ సమాధి మాత్రం తీయలేదు. తీద్దామని ఒక రాయి పైకి లాగాను కూడా, మళ్ళీ పెట్టేశా. ఉన్నా లేకపోయినా, ఆ కుక్క నాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

సీవర్ట్
(అసలు పేరే)