కథకు ఇద్దరు, గంటకు ఒకరు

శ్రీ విరోధినామ సంవత్సర వైశాఖ బహుళ విదియ,
పెనుకొండ.

చిరంజీవి పుష్పను తాత ఈశ్వరప్ప ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

రాబోవునది ఏరువాక పున్నమి. భూదేవి గుండెపై నాగలి మోపే ముందు ఆమె అనుమతి కోరే పర్వమది. మన ఊళ్లో ఆ అనుమతి అడిగేది మన వంశపు కథ. ఎద్దు తొలిసారి కాడికి మెడ ఒగ్గిన ఆ వృత్తాంతాన్ని వేదంవలె నోటినుండి చెవికి అందించాలే గాని కాగితం ఎక్కించరాదని పెద్దల ఆన. నడుమ ఆగితే కథ మొదటికి రావాలి. ముగిసేవరకు, నేల పదును ఆరిపోతున్నా సరే, ఎవ్వరూ మడక కట్టరు.

నేడు ఆ కథ నా తలలో తప్ప మరెక్కడా లేదు. నిరుడు ఒకచోట అది జారిపోయింది. దగ్గు నటించి, ఆ సందులో వెతికి పట్టుకొన్నాను. భక్తితో నా గొంతు పూడుకుపోయిందని రైతులు చేతులు జోడించారు. ఈసారి దగ్గినా దొరకకపోతే? నీ కొలువు జ్ఞాపకశక్తికి సంబంధించినదని విన్నాను. ఉపాయం తెలుపగలవు.

ఇట్లు,
ఈశ్వరప్ప

తాజాకలం: మీ అవ్వకు చెప్పవద్దు. ఆ దగ్గు నిజమని నమ్మి ఆమె ఏడాదిగా మిరియాల కషాయం పోస్తూనే ఉన్నది.

హిందూపురం,
16-5-2009.

పూజ్యులైన తాతకు పుష్ప నమస్కారాలు.

మీ బాధే మా బాధ. మా ఆఫీసు ధర్మవరం పట్టుచీరలను ఇంటర్నెట్‌లో అమ్ముతుంది. ఎవరు ఏ చీర ఎంచుకొన్నారో గుర్తుంచుకొనే కంప్యూటరు ఒకటుంది. దాన్ని సర్వర్ అంటాము. డిస్కులో రాసుకొని వెతుక్కోవడం ఆలస్యమని, అది అంతా మెమరీలోనే పెట్టుకొంటుంది, అచ్చం మీలాగే. నడుమ పని ఆగి పడిపోతే మాత్రం శుద్ధంగా మరిచిపోతుంది. ఉగాదికి అట్లాగే పడింది. లక్ష్మక్క అనే ఆమె పొద్దంతా ఎంచిన పెళ్లిచీరలన్నీ మాయమయ్యాయి. ఫోన్ చేసి మన వంశాన్నంతా పేరుపేరునా తలచుకొంది.

అందుకని ఇప్పుడు పక్కనే రెండో సర్వర్ పెడుతున్నాను. మొదటిది నేర్చిన ప్రతిదీ అప్పటికప్పుడు రెండోదానికి చేరుతుంది. మొదటిది 'బతికే ఉన్నాను' అని ఎప్పుడూ చెబుతూ ఉండాలి. ఆ పలుకు ఆగితే రెండోది తానే పని అందుకొంటుంది. మీరూ సంజీవప్ప తాతకు కథ నేర్పి పక్కన కూర్చోబెట్టుకోండి.

మీ మనుమరాలు,
పుష్ప

తా.క.: రెండోవారు అనుమతి కోసం ఎదురు చూడకూడదు. ఆలస్యమంతా అక్కడే.

జ్యేష్ఠ శుద్ధ తదియ,
పెనుకొండ.

చిరంజీవి పుష్పకు ఆశీస్సులు.

నీవు చెప్పినట్లే చేసి నవ్వులపాలైతిని. నా బావమరిది సంజీవప్ప కథను అక్షరం పొల్లుపోకుండా నేర్చినాడు. నేను నిరుడు దగ్గినచోట తానూ దగ్గుతున్నాడు. అది కథలో లేదంటే, "నేర్పింది నువ్వే గదా బావా" అంటాడు.

నిన్న అరుగుమీద చెప్పి చూచినాము. 'నన్ను దున్నే భారం ఎవరు మోస్తారు' అని భూదేవి అడుగగా ఎద్దు మౌనం వహించే ఘట్టమున్నది. ఆ మౌనాన్ని నిలపడమే మా నాయన నాకిచ్చిన విద్య. నేను నిలిపినాను. సంజీవప్ప కథ అందుకొన్నాడు! నేనూ విడువలేదు, వాడూ విడువలేదు. వినవచ్చిన రైతు కొండప్ప కాసేపు అటూ ఇటూ చూచి, "అయ్యోరే, ఈడ ఎద్దు ఇంకా కొట్టంలో గాటికాడే ఉండాది, ఆడ అదే ఎద్దు చేను దున్నతాండాది. మేము ఏ ఎద్దును నమ్మల్ల?" అన్నాడు.

సంజీవప్పను నిలదీస్తే, "నీ గొంతు ఇనపడలే బావా. పోయినావనుకొంటి" అని నిర్మలంగా సెలవిచ్చినాడు.

పున్నమినాడు ఇదే జరిగితే రైతుల గతి ఏమి?

ఇట్లు,
ఈశ్వరప్ప

తాజాకలం: గుట్టు మీ అవ్వకు తెలిసిపోయింది. కషాయం ఆగింది. ఆ ఒక్కటే లాభం.

హిందూపురం,
1-6-2009.

పూజ్యులైన తాతకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వుతుండగానే మా కొంప మునిగింది. రెండు సర్వర్ల మధ్య తీగ వదులైంది. రెండూ బతికే ఉన్నాయి, కానీ ఒకదాని లెక్కలో ఇంకొకటి చచ్చింది. రెండూ పెత్తనం చేసి, ఉన్న ఒక్క చీరను ధర్మవరంలో లక్ష్మక్కకూ, కదిరిలో బాలనాగమ్మకూ అమ్మేశాయి. మా యజమాని తిరుపాల్ గారు, "ఒకటుంటే ఒకరు తిడుతుండ్రి. రెండు పెట్టి ఇద్దరితో తిట్టిస్తివి కదమ్మా" అన్నారు.

తప్పు నాదే. పక్కన మూడోదాన్ని పెట్టాలి. అది కథ నేర్వనక్కరలేదు, ఇద్దరినీ కనిపెట్టి ఉంటే చాలు. అది ఒప్పుకొంటేనే రెండోది నోరు తెరవాలి. ఒప్పుకొన్నాక మొదటిది నోరు మూయాలి. తేరుకొన్నా సరే, రెండోదాని వెనక శిష్యుడిగా కూర్చోవాలి.

అట్లా మూడోదాన్ని పెట్టాక, నిన్న తిరుపాల్ గారు స్వయంగా మొదటిదాని ప్లగ్గు పీకారు. ఒక్క చీర కూడా పోలేదు. నమ్మకం కుదిరేదాకా పీకి, తర్వాత సరదాకి కూడా పీకారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకొన్నాను. ఇక మీ వంతు.

మీ మనుమరాలు,
పుష్ప

తా.క.: మూడోవారు మీ ఇద్దరికీ భయపడనివారై ఉండాలి. ఇంట్లోనే ఉన్నారు.

జ్యేష్ఠ బహుళ విదియ,
పెనుకొండ.

చిరంజీవి పుష్పకు అనేక ఆశీస్సులు.

ఏరువాక సాగినది. ముందురోజు వాన పడి పదును సిద్ధంగా ఉన్నది. ఎడ్లు కొమ్ములకు రంగులతో నిలిచినవి. మీ అవ్వ అంజనమ్మ పూజగంట చేతబట్టి మా ఇద్దరి నడుమ కూర్చున్నది.

భూదేవి అడిగింది. ఎద్దు మౌనం వహించింది. నేనూ వహించితిని. జనం ఊపిరి బిగబట్టినారు. సంజీవప్ప, బుద్ధిమంతుడై, కదలలేదు. అంత గొప్ప మౌనం మా నాయన కూడా నిలిపి ఉండడని కొండప్ప తర్వాత అందరితో చెప్పినాడట.

అమ్మా, అది మౌనం కాదు. కథ పోయింది. ఎద్దు ఏమన్నదో నాకు తెలియదు.

గంట మ్రోగింది. సంజీవప్ప అందుకొన్నాడు, చోటు తప్పకుండా దగ్గినాడు, రైతులు చేతులు జోడించినారు. అంతలో నాకు అంతా గుర్తుకువచ్చి నోరు తెరువబోగా మీ అవ్వ మళ్లీ గంట ఎత్తింది. నియమం నియమమే. నా కథను తొలిసారి శ్రోతనై విన్నాను. ఎంత బాగున్నది! కథ ముగిసింది, మడకలు కదిలినవి. నా తలమీది కొండ దిగినట్లయింది.

ఎద్దు మౌనానికీ నా మరుపునకూ భేదం ఎట్లా కనిపెట్టితివని ఆమెను అడిగినాను.

"కథలో ఆగితే జనాన్ని చూస్తావు. మరిచిపోతే ఆకాశం చూస్తావు. పెండ్లినాడు గడప కాడ నా పేరు చెప్పమంటే గూడా ఆకాశమే చూస్తివి" అన్నది.

ఇట్లు,
శిష్యస్థానమున హాయిగా ఉన్న
ఈశ్వరప్ప

తాజాకలం: గంట ఇంకా పూజగదికి తిరిగి రాలేదు. వంటింట్లో ఉన్నది. భోజనవేళ నేను పురాణం అందుకొంటే మ్రోగుతున్నది. కొండప్ప కూతురు వరలక్ష్మి సంజీవప్ప వద్ద కథ నేర్వ మొదలుపెట్టింది. దగ్గుతో సహా. మా తర్వాత నోరు తెరిచే వారందరికీ, వారు తడబడినచోట అందుకొనే గొంతొకటి, ఆ తడబాటును ప్రేమతో కనిపెట్టే చూపొకటి ఎల్లకాలం తోడుండుగాక.