ఒకే పాఠం, మూడు సెక్షన్లు

జూలై 8, మంగళవారం

"ట్రైనింగా? నీకు పాఠం చెప్పడం రావట్లేదన్నారా?"

నాన్న. అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా.

కాదు నాన్నా, లెక్చరర్లందరికీ ఉంటుంది, ఇంకా బాగా చెప్పడానికి... సగంలోనే అమ్మ అందుకుంది. "పోనీలే, తిట్టలేదుగా. నేర్చుకుంటే పోయేదేముంది." ఓదార్పు. నేనడగని ఓదార్పు.

ఇప్పుడు హాల్లో నాన్న ఫోన్‌లో బాబాయితో — "ఆఁ, ఆ కాలేజీలోనే. దాన్నేదో ట్రైనింగ్‌కి వేశారు." పోలీస్ స్టేషన్‌కి పిలిపించారని చెప్పే గొంతు.

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, బి.కామ్ పిల్లలకి చెప్తున్నాను. ఈ ఇంట్లో మాత్రం అది ఇంకా రైల్వే వెయిటింగ్ రూమే. మంచి ఉద్యోగం వచ్చేదాకా. లేదా మంచి సంబంధం వచ్చేదాకా. ట్రైనింగ్‌కి పేరు ఇచ్చింది నేనేనని చెప్పలేదు. చెప్తే ఇంకాస్త జాలిపడతారు.

జూలై 11, శుక్రవారం

అయింది ట్రైనింగ్. పంజగుట్టలోనే వేరే కాలేజీ సెమినార్ హాలు. వక్త పొద్దుట్నుంచి ఒకటే మాట: విద్యార్థి చేత మాట్లాడించండి. మాట్లాడింది ఆయనొక్కడే. స్లైడ్ మీద ఉన్నది చదవడం, మళ్ళీ స్లైడ్ మార్చడం. నా పక్కన శారద మేడమ్ — మా హెడ్ — ఒళ్ళో ఇంటర్నల్ పేపర్లు పెట్టుకుని దిద్దుతోంది. వెనక వరుస నిద్ర. తర్వాత వెజ్ బిర్యానీ, బ్యానర్ ముందు ఫోటో, సర్టిఫికెట్.

బయటికొచ్చాక ఫ్లైఓవర్ కింద ముగ్గురం నిలబడ్డాం, వాన తగ్గేదాకా. మా గెస్ట్ లెక్చరర్ యాదగిరి సార్ అన్నాడు — "ఈత నేర్పుతమని పిలిచి చెరువు ఫోటో జూపెట్టిండ్రు, మేడమ్."

శారద మేడమ్ నవ్వలేదు. "మనమేం తక్కువ తిన్నాం? ఎ సెక్షన్ నువ్వు, బి యాదగిరి గారు, సి నేను. ఒకే పాఠం, ఒకే వారం, పక్కపక్క గదులు. ఒకరి క్లాసు ఒకరం ఒక్కనాడైనా చూశామా?"

చూడలేదు. గోడకి అటునుంచి గొంతు వినిపిస్తుంది, అంతే.

"అయితే కూర్చుందాం" అన్నాను. ఎవరూ కాదనలేదు. వాన హోరులో వినపడలేదేమో.

జూలై 15, మంగళవారం

వినపడింది. వారానికోసారి ఒకరి క్లాసులో ఇంకొకరు చివరి బెంచీలో. స్టాఫ్ రూమ్ కంప్యూటర్లో ముగ్గురికీ ఒక ఫోల్డర్. తయారుచేసుకున్న లెక్క, ప్రశ్న, బోర్డు ఫోటో... అన్నీ అందులో. ఎవరిదైనా ఎవరైనా వాడుకోవచ్చు. ఆ చివరి వాక్యం నాదే. గట్టిగా చెప్పాను కూడా — పాఠం అందరిదీ అని.

శారద మేడమ్ తన నోట్సు ఇవ్వడానికి రెండుసార్లు బ్యాగు తెరిచి మూసింది. ఇరవై ఏళ్ళ నోట్సు. మూడోసారి ఇచ్చింది.

జూలై 18, శుక్రవారం

నా వంతు. వెనక యాదగిరి సార్. క్లాసు బాగా జరిగిందనుకున్నాను. చాలా బాగా. చాక్‌పీస్ పొడి దులుపుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాను, మెచ్చుకోలు కోసం.

"ఏమనుకోకుండ్రి మేడమ్. అర్థమైందా అని అడుగుతరు. వాళ్ళు నోరు తెరిచేలోపట మీరే బోర్డు తుడుస్తరు. ఎనక ఇద్దరు పిల్లలు ఇంకా పైన లైను రాసుకుంటున్నరు."

అనుకున్నాను. మధ్యాహ్నమంతా అనుకుంటూనే ఉన్నాను. గంట లెక్కన వచ్చేవాడు, ఈయనెవరు నాకు చెప్పడానికి... ఛీ, ఎంత త్వరగా వచ్చింది ఆ ఆలోచన.

మెట్రో ఎక్కలేదు. పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడక. కాళ్ళు ఆగవు. ఇవాళ కూర్చోవడం చేతకాదు.

జూలై 22, మంగళవారం

ఆయన క్లాసు నేను చూశాను. మొదటి సగం డిక్టేషన్. కామా, ఫుల్‌స్టాప్‌తో సహా. పిల్లలు హాయిగా రాసుకుంటున్నారు. వాళ్ళకి అదే ఇష్టం, పరీక్షకి అదే వస్తుంది. నాకు ఆవలింత. సగం నుంచి ఏమైందో... పుస్తకం మూసి ఒకణ్ణి లేపాడు.

"ఏ హాస్టల్‌రా?"

"ఎస్.ఆర్. నగర్, సార్."

"రెండు హాస్టళ్ళున్నయనుకో. నెల మొత్తానికి లెక్కేస్తే సాంబార్ల ఉప్పు రెండిట్ల సగటు ఒక్కటే. ఒకదాంట్ల రోజూ సమంగ పడతది. ఇంకోదాంట్ల ఒకరోజు చప్పగ, ఇంకోరోజు సముద్రం. యాడ ఉంటవ్?"

"ఇప్పుడు సముద్రంల ఉన్న సార్."

క్లాసంతా నవ్వు. నవ్వు తగ్గాక, సగటు ఒక్కటే అయినా రెండూ ఒకటెందుకు కావో, ఆ తేడాని ఎట్లా కొలుస్తారో వాళ్ళే చెప్పారు. స్టాండర్డ్ డీవియేషన్ అన్న పేరు ఆయన చివర్లో పెట్టాడు. నేనెప్పుడూ పేరుతో మొదలుపెడతాను. పేరు, సూత్రం, లెక్క.

చెప్పాను ఆయనకి: డిక్టేషన్ మానేయండి, ఇదొక్కటే చాలు. "నోట్సు చెప్పకపోతే ప్రిన్సిపాల్ దగ్గరికి పోతరు పిల్లలు. మీకు నడుస్తది. నాకు నడవది." ఎందుకో అడగలేదు. తెలుసు.

ఉప్పు లెక్క ఫోల్డర్లో పెట్టాం.

జూలై 26, శనివారం

ఒక పిచ్చి పని. అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్ ఇరుకు మెట్ల మీద బోర్డు: ఈరోజు ఫ్రీ డెమో. రోజూ కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్ళని తోసుకుంటూ వెళ్ళేదాన్ని, ఇవాళ ఒకటి తీసుకుని పైకెక్కాను. సాఫ్ట్‌వేర్ కోసం కాదు. ఎట్లా చెప్తారో చూద్దామని. ఊరు ఊరంతా బస్సులెక్కి ఈ వీధికి వస్తుంది కదా, ఏదో ఉండే ఉంటుంది.

ఉంది. పాఠం చెప్పేవాడు నమస్కారం కూడా పెట్టలేదు. తెర మీద పనిచేయని ప్రోగ్రామ్ పెట్టి, "ఎక్కడ ఆగిందో చెప్పండి" అని చేతులు కట్టుకున్నాడు. గది నిండా వాదన. నాకు ఆ భాషలో అక్షరం రాదు, అయినా ముందుకు వంగాను.

కిందికి వస్తుంటే కౌన్సెలర్ అమ్మాయి: "మార్నింగ్ బ్యాచా, ఈవెనింగ్ బ్యాచా మేడమ్?" ఆలోచించుకుని చెప్తానన్నాను.

జూలై 31, గురువారం

ఇంకో రెండు డెమోలు. రెండో చోట కౌన్సెలర్ అడిగాడు, "మొన్న పక్క బిల్డింగ్‌లో కూడా చూశాను మిమ్మల్ని. ఏంటండీ, మీరు కూడా ఇన్‌స్టిట్యూట్ పెడుతున్నారా?"

యాదగిరి సార్‌కి చెప్తే — "డెమో అంటే పెళ్ళిచూపుల ఉప్మా మేడమ్. రోజూ గదే పెడతరనుకునుడు మన తప్పు." నిజమే కావచ్చు. కానీ ఎవరో ఆ ఉప్మా వండటం నేర్చుకున్నారు. మనం రోజూ వండితే ఏం?

ఆగస్టు 3, ఆదివారం

ఇంట్లో పండగ. నాన్న మందుల షాపుకొచ్చిన శేఖర్ గారు నన్ను అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ మెట్లు దిగుతుంటే చూశారట. నాన్న ముఖం ఇట్లా వెలగడం... డిగ్రీ పట్టా రోజు కూడా చూడలేదు. "మాతో అనవేంటమ్మా? జావానా, డేటా సైన్సా? ఫీజు సంగతి నాకొదిలెయ్." అమ్మ అప్పటికే పిన్నికి ఫోన్ చేసేసింది.

చెప్పాను. కోర్సు కోసం కాదు. వాళ్ళు పాఠం ఎట్లా మొదలుపెడతారో చూడటానికి.

నాన్న పేపరు చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత అమ్మ: "అదేమన్నా కోర్సా?"

ఆగస్టు 6, బుధవారం

ఇవాళ క్లాసులో పేరు చెప్పకుండా, సూత్రం రాయకుండా ఒక తప్పు లెక్క బోర్డు మీద వేసి చేతులు కట్టుకున్నాను. మొదట నిశ్శబ్దం. భయమేసింది. చాక్‌పీస్ చేతిలో ఉంటే ఊరుకోలేనని టేబుల్ మీద పెట్టేశాను. అప్పుడు చివరి బెంచీ నుంచి భవాని, ఎప్పుడూ మాట్లాడని పిల్ల — "మేడమ్, మూడో లైన్ల మైనస్ పోయింది."

వెనక శారద మేడమ్ ఏదో రాసుకుంటోంది.

ఆగస్టు 11, సోమవారం

యాదగిరి సార్ డిక్టేషన్ సగానికి తగ్గించాడు. నోట్సు ఫోల్డర్ నుంచి ప్రింట్ తీసి ఇచ్చేస్తున్నాం, ముగ్గురివీ కలిపి. రాసుకునే గంట మిగిలింది. ఎవరూ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళలేదు.

ఆగస్టు 14, గురువారం

బాగుంది అని రాయబోయాను. చేయి ఆగింది. అలా రాస్తే ఏదో జరుగుతుంది.

ఆగస్టు 19, మంగళవారం

జరిగింది. కాలేజీ యజమాని, కరస్పాండెంట్ గారు పిలిచారు. ఫోల్డర్ ప్రింట్లు ఆయన టేబుల్ మీద. శారద మేడమ్ గొప్పగా చూపించిందట. మంచి మనసుతోనే.

"అద్భుతం అమ్మా. నీ పాఠాలు కెమెరా పెట్టి రికార్డ్ చేద్దాం. బి సెక్షన్‌లో స్మార్ట్ బోర్డు మీద వేస్తాం. వచ్చే ఏడాది మన రెండో బ్రాంచిలో కూడా. నిన్ను అకడమిక్ కోఆర్డినేటర్‌ని చేస్తాను."

బి సెక్షన్‌లో యాదగిరి సార్ ఉన్నారు కదా సార్.

"ఆయన గెస్టే కదా. ఆ ఉప్పు ఉదాహరణ చూశాను, ఎంత బావుందో."

అది ఆయనదే సార్.

"ఎవరిదైతే ఏంటమ్మా. కెమెరా ముందు నువ్వు బావుంటావు."

సోమవారం చెప్పమన్నారు. అవునని చెప్పడానికి సోమవారం.

ఆగస్టు 20, బుధవారం

నాన్నకి అమ్మ చెప్పింది, అమ్మకి నేను చెప్పాల్సింది కాదు. సాయంత్రం షాపు ముందు నుంచి వస్తుంటే లోపల్నుంచి వినపడింది — "మా ప్రణీత పాఠాలు ఇక వీడియోలోనండీ. కోఆర్డినేటర్." దగ్గు మందు కొనడానికి వచ్చిన ఆయనకి.

మొదటిసారి. నా పని గురించి గర్వంగా ఒక మాట. ఎంత ఎదురు చూశాను దానికి... తప్పు దారిలో వచ్చినా లోపల ఎక్కడో చల్లగా తగిలింది. అదే భయం.

ఆగస్టు 21, గురువారం

శారద మేడమ్‌తో క్యాంటీన్‌లో.

నేను: వీడియో పెడితే బి సెక్షన్‌లో మనిషి ఉండడు.

ఆమె: "పాఠం అందరిదీ అన్నది నువ్వే కదమ్మా. నా ఇరవై ఏళ్ళ నోట్సు ఆ మాట మీదే ఇచ్చాను. ఇప్పుడు నీదగ్గరికి వచ్చేసరికి..."

టీ చల్లారింది. ఆమె తప్పు మాట్లాడలేదు. అదే గుచ్చుకుంటోంది. నోట్సు ఇవ్వడం, ముఖం ఇవ్వడం ఒకటేనా? కాదని తెలుసు. ఎందుకు కాదో ఆమెకి చెప్పేంత నేర్పు నాకింకా రాలేదు. ప్లేట్లు తీసేస్తున్నారు, లేచాం.

ఆగస్టు 22, శుక్రవారం

యాదగిరి సార్‌కి తెలిసిపోయింది. నేను చెప్పేలోపే. మధురానగర్ దాకా నాతో నడిచాడు. సందుల్లో వినాయకుడి పందిళ్ళకి కర్రలు పాతుతున్నారు, ప్రతి పది అడుగులకీ పక్కకి జరగాలి.

"ఒప్పుకోండ్రి మేడమ్. మీరు కాదంటే ఇంకెవరినో తెచ్చి నిలబెడతరు. నా పని ఎట్లైనా పోతది. మీరైతే కనీసం పాఠమన్న మంచిగుంటది."

మీకు కోపం లేదా?

"ఉన్నది. ఎవని మీద జూపాలె?" అడ్డొచ్చిన కర్ర తప్పించుకుని — "నా ఫికర్ పెట్టుకోకుండ్రి. ఇంకో రెండు కాలేజీలల్ల అడిగిన."

ఏమన్నారు?

"చూద్దామన్నరు."

మలుపు దగ్గర ఆగి, "రేపు బి సెక్షన్‌ల కోరిలేషన్ మొదలు. మీరు వచ్చి కూసుంటరా?" అనడిగాడు. మామూలు గొంతుతో. వస్తానన్నాను.

ఆగస్టు 23, శనివారం

కూర్చున్నాను. కోరిలేషన్. ఆయన ఒక లెక్క వేశాడు, అది తప్పింది. నిజంగానే తప్పింది, కావాలని కాదు. ముందు వరుస పిల్ల లేచి చెప్పింది. ఆయన బోర్డు వైపు చాలాసేపు చూసి, "నువ్వన్నదే రైట్. మరి నేను ఎందుకు తప్పిన, చెప్పు" అన్నాడు. ఆమె వచ్చి చాక్‌పీస్ తీసుకుంది. ఆయన వెళ్ళి ఆమె సీట్లో కూర్చున్నాడు.

నా వీడియోకి ఆ ప్రశ్న అడగడం రాదు. ఆ పిల్ల లేచినా దానికి తెలియదు. సాగిపోతూనే ఉంటుంది.

శారద మేడమ్‌కి చెప్పాల్సింది ఇదేనేమో. ఫోన్ తీశాను. పెట్టేశాను.

ఆగస్టు 24, ఆదివారం

నాన్న ఇస్త్రీ చీర తెచ్చి మంచం మీద పెట్టాడు, రికార్డింగ్‌కి లేత రంగు బాగుంటుందని ఎవరో చెప్పారట. బాగుంది చీర. థాంక్స్ అన్నాను. ఇంకేం అనలేదు, ఆయన ముఖం చూసి.

ఫోల్డర్ ఎవరు అడిగినా ఇస్తాను, రెండో బ్రాంచికి కూడా. అక్కడి లెక్చరర్లు వచ్చి మా చివరి బెంచీలో కూర్చుంటామంటే రమ్మంటాను. కెమెరా ముందు నిలబడను. కోఆర్డినేటర్ వద్దు. యాదగిరి సార్‌ని ఉంచుతారో లేదో తెలియదు. నన్ను ఉంచుతారో లేదో తెలియదు.

రేపు పొద్దున కరస్పాండెంట్ గదిలో కుదరదని చెప్తున్నాను.